కొత్త మాటలు నేర్పడానికి కార్డులా, కథలా: ఏది మేలు?

భాష నేర్పే టీచర్లలో రెండు పక్షాలున్నాయి. మొదటి పక్షం వాళ్లు రోజుకి ఇన్ని మాటలని లిస్టు రాసిచ్చి, మర్నాడు అప్పజెప్పమంటారు. రెండో పక్షానికి ఆ పద్ధతంటే పడదు. కథలు చదువుతుంటే, మాట్లాడుతుంటే మాటలు వాటంతట అవే రావాలనీ, లిస్టు ఇచ్చామంటే బట్టీ పట్టించినట్టేననీ అంటారు. నా మొగ్గు ముందే చెప్పేస్తాను. మొదటి రెండు వేల మాటల దాకా లిస్టు, కార్డులే (ఒక వైపు మాట, వెనక వైపు అర్థం రాసుకునేవి) మేలు. అది దాటాక చదవడమే మేలు. ఈ వరస తిరగబడినప్పుడే నేర్చుకునేవాళ్లకి టెన్షన్, విసుగు మొదలవుతాయి.

రెండు వేలు అన్న అంకె ఊరికే చెప్పలేదు. మైకేల్ వెస్ట్ 1953లో ఇంగ్లీషుకి తయారుచేసిన ప్రసిద్ధ జాబితాలో ఉన్నవి సుమారు రెండు వేల మాటలే. మామూలు రచనల్లో కనిపించే మాటల్లో దాదాపు 80 శాతం వాటిలోనివే. అంత తక్కువ శ్రమకి అంత ఫలితం మళ్లీ ఎక్కడా దొరకదు. కాబట్టి వీటిని నేరుగా నేర్పేయడమే న్యాయం.

అయితే 80 శాతం తెలిస్తే కథ అర్థమైపోతుందా? కాదు. ప్రతి ఐదు మాటల్లో ఒకటి తెలియదన్నమాట. 2000లో హూ, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక కథలో కొన్ని మాటలు తీసేసి, వాటి స్థానంలో అర్థంలేని మాటలు పెట్టి చదివించారు. 80 శాతం మాటలు తెలిసినవైనా ఒక్కరికీ కథ సరిగా అర్థం కాలేదు. హాయిగా చదవాలంటే 98 శాతం దాకా తెలిసుండాలని వాళ్లు తేల్చారు. సందర్భాన్ని బట్టి అర్థం ఊహించమని మనం సులువుగా అనేస్తాం. ఊహించాలంటే చుట్టూ ఉన్న మాటలు తెలియాలి కదా! కొత్తగా మొదలుపెట్టినవాళ్ల చేతిలో మామూలు పుస్తకం పెట్టి ఊహించమనడం వాళ్లకి అన్యాయం చేయడమే. తక్కువ మాటలతో, స్థాయిని బట్టి ప్రత్యేకంగా రాసిన కథలుంటే మాత్రం మొదటి నెల నుంచే చదివించవచ్చు.

ఇక కార్డుల సంగతి. ఇక్కడ చాలామంది పొరపడేది కార్డు ఎంచుకోవడంలో కాదు, దాన్ని వాడే తీరులో. మాట, అర్థం పక్కపక్కన పెట్టుకుని పదేపదే చూడటం, ఒక్కో మాటని పదిసార్లు రాయించడం చదువులా కనిపిస్తాయి కానీ పెద్దగా మిగలవు. 2008లో కార్పికే, రోడిగర్ అనే పరిశోధకులు 40 స్వాహిలీ మాటలతో ఒక ప్రయోగం చేశారు. ఒకసారి గుర్తొచ్చిన మాటని కూడా మళ్లీ మళ్లీ అడుగుతూ పోతే, వారం తర్వాత సుమారు 80 శాతం గుర్తున్నాయి. అడగడం ఆపేసినవాళ్లకి మూడో వంతు మాత్రమే గుర్తున్నాయి, మధ్యలో వాళ్లు ఎన్నిసార్లు చదువుకున్నా సరే. అంటే అర్థం వైపు చూడకముందు, గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ కాసేపటి అవస్థే అసలు చదువు.

ఎప్పుడు అడగాలన్నదీ ముఖ్యమే. నేర్చుకున్న కొత్తలోనే ఎక్కువ మరిచిపోతామని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. 1972లో లైట్నర్ అనే జర్మన్ రచయిత ప్రచారంలోకి తెచ్చిన, గడులున్న పెట్టె పద్ధతి దీనికి చక్కగా సరిపోతుంది. సరిగ్గా చెప్పిన కార్డు తర్వాతి గడిలోకి వెళ్లి, కాస్త ఆలస్యంగా మళ్లీ వస్తుంది. తప్పు చెప్పింది మొదటి గడికి తిరిగొస్తుంది. అంకి లాంటి యాప్‌ల వెనకున్నదీ ఈ ఆలోచనే. పేపరు కార్డులా, ఫోనా అన్నది ఎవరి వీలు వాళ్లది.

కార్డు చేయలేని పని ఒకటుంది. తెలుగు నేర్చుకునే ఒకతను ‘వేయడం’ అన్న మాటకి కార్డు మీద ఒక అర్థం రాసుకున్నాడనుకోండి. తర్వాత తలుపు వేశారు, ఓటు వేశారు, చొక్కా వేసుకున్నాడు, నింద వేశారు, భయం వేసింది అని వింటాడు. ఇన్ని వాడుకలని ఏ కార్డూ మోయలేదు. అవి చదివీ, వినీ రావాల్సిందే. పైగా ఇంగ్లీషులో నవలలు, వార్తాపత్రికలు ఇబ్బంది లేకుండా చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు (ఒక మాట, దాని నుంచి వచ్చే రూపాలు కలిపి ఒక కుటుంబం) కావాలని, పైన చెప్పిన నేషనే 2006లో లెక్కగట్టారు. అన్నిటినీ క్లాసులో నేర్పే సమయం ఏ టీచర్‌కీ ఉండదు. అందుకే రెండు వేలు దాటాక చదివించడానికే నా ఓటు. చదువుతూ తగిలిన ప్రతి మాటకీ డిక్షనరీ తీయనక్కర్లేదు. మళ్లీ ఎదురైన మాటని మాత్రం, అది వచ్చిన వాక్యంతో సహా కార్డు మీదికి ఎక్కిస్తే చాలు.

అర్థాన్ని మాతృభాషలో చెప్పాలా, నేర్చుకునే భాషలోనే చెప్పాలా? మొదట్లో మాతృభాషలోనే చెప్పండి, అందులో తప్పేమీ లేదు.

చివరగా, ఒకే రకం మాటలన్నీ ఒకేసారి చెప్పాలా, విడివిడిగానా? పాఠ్యపుస్తకాల్లో రంగులన్నీ ఒక పేజీలో, బట్టల పేర్లన్నీ ఇంకో పేజీలో ఉంటాయి. చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ దగ్గర అర్థాలున్న మాటలు ఒకేసారి నేర్చుకుంటే ఒకదానితో ఒకటి కలిసిపోతాయని 1990ల్లో టింకమ్, వేరింగ్ అనే పరిశోధకుల ప్రయోగాల్లో తేలింది. కుడి, ఎడమ ఒకే రోజు నేర్చుకున్నవాళ్లు ఏది ఏదో అని చాలాకాలం తడబడతారు. ఒకటి కుదురుకున్నాకే రెండోది చెప్పాలి. దానికి బదులు జ్వరం, డాక్టర్, మందు, పడుకోవడం లాంటి ఒకే సంఘటనలో వచ్చే మాటలని కలిపి చెబితే అంత గందరగోళం ఉండదు. పుస్తకంలో రంగులన్నీ ఒకే పేజీలో ఉన్నా, ఈ వారం రెండు చెప్పి మిగతావి రాబోయే పాఠాల్లో సర్దుకునే స్వేచ్ఛ టీచర్‌కి ఉంది.