టవల్ మెత్తగా ఉండాలంటే: సాఫ్ట్‌నర్, వెనిగర్, డ్రయ్యర్ అన్నీ వాడి చూశాక

మా ఇంట్లో వాడేవి 500 జీఎస్ఎమ్ కాటన్ టవళ్లు. అంటే చదరపు మీటరు బట్ట బరువు 500 గ్రాములు. మరీ పలచనా కాదు, మరీ దళసరీ కాదు. ఒకే రకం టవళ్లు రెండు సెట్లు ఉండడంతో, ఏళ్ల తరబడి ఒక సెట్టుని ఒక పద్ధతిలో, రెండోదాన్ని ఇంకో పద్ధతిలో ఉతికి చూసే వీలు దొరికింది. సాఫ్ట్‌నర్, వెనిగర్, వాషింగ్ సోడా, వేడినీళ్లు, డ్రయ్యర్, ఎండ అన్నీ అయ్యాయి. తేలిందేమిటో ముందే చెప్పేస్తాను: పైనుంచి ఏదో కలపడం కన్నా, టవల్‌లో మిగిలిపోయినదాన్ని బయటికి పంపడమే ఎక్కువ పని చేసింది. దాని తర్వాతి స్థానం ఆరేసే పద్ధతిది.

సాఫ్ట్‌నర్‌తో మొదలుపెడతాను. టవల్ బిరుసెక్కిందనగానే అందరి చెయ్యీ దాని మీదకే పోతుంది కదా. మొదటిసారి వాడినప్పుడే ఫలితం కనిపిస్తుంది, కాదనను. టవల్ చేతికి నున్నగా తగులుతుంది, వాసన బాగుంటుంది. తీరా స్నానం చేసి ఒళ్లు తుడుచుకుంటే నీళ్లు పీల్చదు, ఒంటి మీద తడిని అటూ ఇటూ జరుపుతుందంతే. సాఫ్ట్‌నర్ పనిచేసే తీరే అది. అందులోని కొవ్వు లాంటి పదార్థం నూలుకి అంటుకుని పలచటి పొరగా నిలుస్తుంది. పోగులు ఒకదాని మీద ఒకటి జారతాయి కాబట్టి మెత్తగా అనిపిస్తుంది. ఆ పొరే నీళ్లకి అడ్డం. చొక్కాకైతే నష్టమేమీ లేదు. నీళ్లు పీల్చడమే పనైన టవల్‌కి మాత్రం ఉన్న గుణమే పోతుంది. ప్రతిసారీ వేస్తూ పోతే పొర మీద పొర చేరుతుంది. అనుమానముంటే ఆరిన టవల్ మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి. చటుక్కున ఇంకిపోతే సరే. ముత్యాల్లా పైనే నిలబడితే పొర పేరుకుందని అర్థం. మా ఇంట్లో సాఫ్ట్‌నర్ ఇప్పటికీ ఉంది, టవళ్ల జోలికి మాత్రం రాదు.

కొత్త టవల్‌కి షాపులో ఉండే మెత్తదనం కూడా చాలావరకు ఇలాంటిదే, ఫ్యాక్టరీలో పూత పెట్టి పంపుతారు. అందుకే కొత్తది మొదటి రోజు సరిగ్గా తుడవదు. వాడే ముందు ఒకసారి ఉతకాలి, అదీ విడిగా. రంగు, నూగు రెండూ మొదటి ఉతుకుల్లోనే ఎక్కువగా వదులుతాయి.

ఇక అసలు దోషి దగ్గరికి వద్దాం. డిటర్జెంట్. టవల్ నిండా సన్నటి నూలు ఉచ్చులు ఉంటాయి, వాటి మధ్య చేరిన సబ్బు మామూలు బట్టలోంచి పోయినంత తేలిగ్గా పోదు. ఉతికి ఆరేసిన టవల్‌ని బకెట్‌లో వేడినీళ్లు పోసి, సబ్బేమీ వేయకుండా కాసేపు నానబెట్టి పిండితే ఆ నీళ్లలో నురగ వస్తుంది! శుభ్రంగా ఉందనుకున్న టవల్ నుంచి వచ్చిన ఆ తెల్లటి నీళ్లు చూశాక డిటర్జెంట్ మోతాదు సగానికి దించేశాను. మురికి పోవడంలో తేడా ఏమీ రాలేదు. స్నానం చేసిన ఒంటిని తుడిచే బట్టకి అంత సబ్బు ఎందుకు చెప్పండి? చల్లటి నీళ్లతో ఉతికేవాళ్లకైతే పౌడర్ కన్నా లిక్విడ్ నయం, పౌడర్ పూర్తిగా కరగక ఉచ్చుల్లో ఇరుక్కుంటుంది.

ఫ్రంట్ లోడ్ మెషీన్ నీళ్లు తక్కువ వాడుతుంది. కరెంటుకీ నీళ్లకీ మంచిదే కానీ టవళ్లకి ఆ జాడింపు చాలదు. అందుకని ఎక్స్‌ట్రా రిన్స్ బటన్ తప్పనిసరిగా నొక్కుతాను. డ్రమ్ కూడా కుక్కకూడదు. తడిసిన టవల్ బరువెక్కుతుంది, కదలడానికి చోటు లేకపోతే ఉతికినట్టే ఉంటుంది గానీ జాడించినట్టు ఉండదు. డ్రమ్‌లో మూడో వంతు ఖాళీ వదిలితే బాగా వస్తున్నాయి. జిప్పులు, హుక్కులు ఉన్న బట్టలు వీటితో వేయొద్దు, ఉచ్చులు లాగేస్తాయి. లాగిన పోగు పైకి కనిపిస్తే పీకకండి, పక్క పోగులూ దాని వెంటే వస్తాయి. కత్తెరతో కత్తిరిస్తే చాలు, టవల్ ఊడిపోదు.

నీళ్లు కఠినంగా ఉండేచోట కష్టం రెట్టింపు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారి నూలుకి పడుతుంది. కుళాయి మూతి దగ్గర తెల్లగా పేరుకునే పొర చూస్తారు కదా, మీ నీళ్లు ఎలాంటివో చెప్పేది అదే. దీనికి రెండు మందులు వాడాను. ఒకటి వాషింగ్ సోడా. డిటర్జెంట్‌తో పాటే వేయాలి, నీళ్లలోని కాల్షియాన్ని విడగొడుతుంది కాబట్టి తక్కువ సబ్బే సరిపోతుంది. రెండోది తెల్ల వెనిగర్. ఇది జాడించే నీళ్లలో వేయాలి, పేరుకున్న ఖనిజాల పొరని కరిగిస్తుంది. నాకు ఎక్కువ తేడా కనిపించింది వెనిగర్‌తోనే. సాఫ్ట్‌నర్ అరలో అరకప్పు పోస్తే చాలు, ఆరాక పుల్లటి వాసన ఉండదు.

అయితే వెనిగర్‌ని పొగిడేవాళ్లు చెప్పని సంగతులు కొన్నున్నాయి. వెనిగర్, వాషింగ్ సోడా రెండూ ఒకేసారి వేస్తే ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుంటాయి, దేని ఫలితమూ మిగలదు. నురగ పొంగుతుంటే ఏదో జరుగుతోందనిపిస్తుంది, అంతే. ప్రతిసారీ వెనిగర్ పోస్తే మెషీన్‌లోని రబ్బరు భాగాలు పాడయ్యే అవకాశం ఉంది, కాబట్టి టవల్ బిరుసుగా అనిపించినప్పుడే వాడుతున్నాను. అన్నిటికన్నా ముఖ్యం, క్లోరిన్ బ్లీచ్ వేసిన ఉతుకులో వెనిగర్ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు. విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

సబ్బు పోయింది, ఖనిజాలు పోయాయి, అయినా దండెం మీద ఆరిన టవల్ అట్టముక్కలా వస్తోందా? నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న ఇదే. జపాన్‌లో డిటర్జెంట్లు తయారుచేసే కావో కంపెనీ, హొక్కైడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో దీని మీద ఒక పత్రం ప్రచురించారు. ఆరిపోయిందనుకున్న కాటన్ మీద కూడా కొద్దిపాటి నీరు అంటుకునే ఉంటుందట. మామూలు నీటి కంటే భిన్నంగా ప్రవర్తించే ఆ నీరే సన్నటి పోగుల మధ్య జిగురులా పట్టి ఉంచుతుందని వాళ్ల వివరణ. కదలకుండా వేలాడుతూ ఆరితే ఆ పోగులన్నీ అలాగే బిగుసుకుంటాయన్నమాట. అదే టవల్‌ని చేత్తో నలిపితే మెత్తబడటం మనకి తెలిసిందే, ఆ అతుకులు విడిపోతాయి మరి.

అది చదివాక ఆరేసే పద్ధతి మార్చాను. మెషీన్‌లోంచి తీయగానే రెండు కొసలూ పట్టుకుని ఫట్‌మని చప్పుడొచ్చేలా నాలుగైదుసార్లు విదిలిస్తాను. స్పిన్‌లో అణిగిపోయిన ఉచ్చులు లేచి నిలబడతాయి. సగం ఆరాక ఇంకోసారి, తీసేటప్పుడు మరోసారి విదిలించాలి. చేతులు నొప్పి పుట్టే పనే, పెద్ద టవల్ అయితే మరీను. ఎండ కన్నా గాలే మేలని కూడా తేలింది. గాలికి టవల్ ఊగుతూనే ఉంటుంది కాబట్టి బిగుసుకునే అవకాశం తక్కువ. గాలి ఆడని చోట మండుటెండలో ఆరేసినవి త్వరగా ఆరతాయి, గరుకుగా వస్తాయి, పైపెచ్చు రంగు వెలుస్తుంది.

డ్రయ్యర్ చేసేదీ ఇదే పని, వేడి గాలిలో దొర్లిస్తూ పోగుల్ని కదుపుతూ ఆరబెడుతుంది. మెత్తదనంలో దానికి పోటీ లేదు. కానీ ప్రతిసారీ ఫిల్టర్‌లో పోగయ్యే నూగు ఎక్కడిదనుకున్నారు? మన టవల్‌దే. మొదటి నుంచి చివరిదాకా డ్రయ్యర్‌లోనే ఆరిన సెట్టు ముందు పలచబడింది. ఇప్పుడు దండెం మీద ఆరేసి, కాస్త చెమ్మ ఉండగానే తీసి చివరి పది నిమిషాలు డ్రయ్యర్‌లో తిప్పుతున్నాను. మెత్తదనం దాదాపు అంతే వస్తోంది, కరెంటు ఖర్చు కొంత తగ్గింది. డ్రయ్యర్‌లో టవళ్లతో పాటు ఉన్ని బంతులు వేస్తే అద్భుతమన్నారు. టవళ్లు చుట్టుకుపోకుండా విడదీస్తాయి, త్వరగా ఆరతాయి. మెత్తదనంలో మాత్రం పెద్ద తేడా నాకు కనబడలేదు. ఇస్త్రీ చేయడం మాత్రం దండగ, లేచిన ఉచ్చుల్ని మళ్లీ అణగదొక్కడమే.

ముక్కిపోయిన వాసన సంగతి వేరు. అది బ్యాక్టీరియా పని. తడి టవల్‌ని మడతగా పడేస్తే, ఉతికినవి మెషీన్‌లోనే వదిలేస్తే వస్తుంది. లేబుల్ మీద అనుమతి ఉంటే 60 డిగ్రీల నీళ్లలో ఒకసారి ఉతికి వెంటనే ఆరేస్తే పోతోంది. సాఫ్ట్‌నర్ వాసన దాన్ని కప్పుతుందే గానీ పోగొట్టదు, టవల్ తడవగానే మళ్లీ బయటపడుతుంది. రంగు టవల్ మీద ఉన్నట్టుండి తెల్లటి మచ్చలు కనిపిస్తే డిటర్జెంట్‌ని తిట్టకండి. మొటిమల క్రీముల్లో ఉండే బెంజాయిల్ పెరాక్సైడ్ రంగుని తినేస్తుంది. అలాంటి క్రీము రాసుకునేవాళ్లకి తెల్ల టవల్ ఇవ్వడం మంచిది.

వాన ముసురు పట్టినప్పుడు మాత్రం డ్రయ్యర్ లేనివాళ్లకి నా పద్ధతి అంతగా పనికిరాదు. ఎంత విదిలించినా ఇంట్లో రోజంతా వేలాడిన టవల్ కొంచెం బిరుసుగానే ఉంటుంది. ఉచ్చులు పూర్తిగా అరిగి చదునైపోయిన పాత టవల్‌ని కూడా ఏ వెనిగరూ బాగు చేయదు, అలాంటివి నేల తుడవడానికి వేసేశాను. అన్నట్టు, ఇంత శ్రమా మా మామగారికి నచ్చదు. గరుకు టవల్‌తో రుద్దుకుంటేనే స్నానం చేసినట్టుంటుందంటారు ఆయన. అందుకే ఆయన టవల్ ఒక్కటి విదిలించకుండానే దండెం ఎక్కుతుంది.