విదేశీ చెల్లింపుల సేవ మూడేళ్ళు వాడాక: ముఖ్యంగా ఆ రసీదు గురించి

విదేశీ కొనుగోలుదారులు కట్టే సొమ్ముని మన ఖాతాకి తెచ్చిపెట్టే ఈ సేవ ఎలా ఉందని ఎవరడిగినా నేను ముందు చెప్పేది రసీదు సంగతే. చార్జీలు, మారకం రేటు ఆ తర్వాత. బ్రిటన్ నుంచో అమెరికా నుంచో వచ్చిన సొమ్ము నా ఖాతాలో రూపాయలుగా పడ్డ రోజే ఎఫ్‌ఐఆర్‌ఏ, అంటే విదేశీ సొమ్ము అందిందని తెలిపే కాగితం, మెయిల్‌కి వచ్చేస్తుంది. పంపింది ఎవరు, ఏ ఇన్వాయిసుకి, విదేశీ కరెన్సీలో ఎంత, ఏ రేటుకి మార్చారు, సొమ్ము దేనికి వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ ఏమిటి, అన్నీ అందులో ఉంటాయి. అర్జీ పెట్టక్కర్లేదు, ఎవరి బల్ల ముందూ నిలబడక్కర్లేదు. నరసాపురంలో ఉండి లేసు ఎగుమతి చేసుకునేవాళ్ళకి ఇది ఎంత ఊరటో తెలియాలంటే అంతకుముందు సంగతి చెప్పాలి.

సేవ పేరు రాయడం లేదు. ఈ తరహావి ఇప్పుడు చాలా ఉన్నాయి, దాదాపు అన్నీ ఒకే పద్ధతిలో నడుస్తాయి. నేను చూసిన మంచీ చెడ్డా రెండూ ఆ పద్ధతివే.

నేను, మా వదిన కలిసి ఈ వ్యాపారం చూసుకుంటాం. మొగల్తూరు వైపు ఊళ్ళలో ఆడవాళ్ళు ఇళ్ళలో కూర్చుని అల్లి ఇస్తారు. టేబుల్ కవర్లు, కుషన్ కవర్లు, గౌన్లకి వేసే అంచులు. మేం ఉతికించి, ఇస్త్రీ చేయించి, ప్యాక్ చేసి పంపుతాం. ఒక్కో ఇన్వాయిసు మూడు నాలుగు వందల పౌన్లు, క్రిస్మస్ సీజనులో వెయ్యి దాటితే గొప్ప. 1844లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకి ఈ పని నేర్పారంటారు. అప్పట్నుంచీ సరుకు సముద్రం దాటుతూనే ఉంది. సొమ్ము మాత్రం పెద్ద ఎగుమతిదారు, ఆయన కింద ఏజెంటు, ఆ కింద ఇంకొకరు, ఇలా చేతులు మారి అల్లినవాళ్ళకి అందరికంటే చివర చేరేది. కొన్న దుకాణం మాలాంటివాళ్ళకి నేరుగా డబ్బు కట్టగలగడం మా పనిలో కొత్త. అందుకే చెల్లింపు ఏ దారిన వస్తుంది, ఎంత తరిగి వస్తుంది అన్నవి నాకు చిన్న విషయాలు కావు.

మొదట్లో సొమ్మంతా ఊళ్ళోని బ్యాంకు ఖాతాకే తెప్పించుకునేదాన్ని. మా వైపు విదేశీ డబ్బు అంటే కువైట్, మస్కట్, దోహా. ఎంతోమంది అక్కడ పని చేసి నెలనెలా ఇంటికి పంపుతారు. శాఖలో వాళ్ళకి బాగా అలవాటైన కోడ్ పి1301, అంటే ప్రవాసులు కుటుంబ పోషణకి పంపే సొమ్ము. నా పౌన్లు వచ్చినా "ఫారిన్ నుంచేగా అమ్మా, మీ వాళ్ళే పంపారా?" అని అడిగి అదే వేసేవారు. సరుకు పంపకముందు వచ్చిన అడ్వాన్సుకి పడాల్సింది పి0103. కుటుంబ పోషణ అని పడిందంటే కాగితాల మీద అది ఎగుమతి ఆదాయమే కాదు. ఎగుమతి సొమ్ము బ్యాంకుకి చేరిందని చూపే ఈ-బీఆర్‌సీ పత్రం రాదు. ఎల్‌యూటీ అనే హామీపత్రం ఇచ్చి జీఎస్టీ కట్టకుండా పంపిన సరుకుకి డబ్బు వచ్చిందని చూపించడానికి ఆధారం ఉండదు. దిద్దించాలంటే శాఖలో ఉత్తరం ఇవ్వాలి, వాళ్ళు విదేశీ మారకం చూసే పెద్ద శాఖకి పంపాలి, అక్కడ్నుంచి జవాబు రావాలి. భీమవరంలో మా ఆడిటర్ గారు ప్రతి నెలా అదే అడిగేవారు, నేను ప్రతి నెలా అదే కౌంటర్‌కి వెళ్ళేదాన్ని. అక్కడ కూర్చునే ఆయన మీద నాకు కోపం లేదు. ఆ వరసలో ఎగుమతి చేసేది నేనొక్కదాన్నే.

దానికి తోడు మధ్యలో ఏదో ఒక బ్యాంకు తన చార్జీ తీసేసుకునేది. దుకాణంవాళ్ళు పూర్తిగా కట్టామంటారు, నాకు తక్కువ చేరుతుంది, ఇన్వాయిసుకీ జమకీ లెక్క కలవదు. చిన్న ఆర్డర్లలో ఆ కోత నేరుగా మా లాభంలోంచే పోయేది.

ఇప్పుడు బ్రిటన్‌ దుకాణానికి నేనిచ్చేది అక్కడి ఖాతా నంబరు, బ్యాంకు శాఖని గుర్తించే సార్ట్ కోడ్‌తో సహా. వాళ్ళకి అది పక్కవీధి దుకాణానికి కట్టినంత తేలిక. సొమ్ము అక్కడ జమై, ఇక్కడ ఒక బ్యాంకులో ఎగుమతి వసూళ్ళ కోసం ఉన్న ఖాతాకి చేరి, రూపాయలుగా మారి నాకొస్తుంది. ఇలాంటి కంపెనీలకి రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరు 31న విడిగా నిబంధనలు పెట్టింది. వాటిలో అమ్మే వస్తువు ఒక్కోదానికి 25 లక్షల రూపాయల పరిమితి ఉండేది. లేసు టేబుల్ కవరు ఆ దరిదాపులకి ఎప్పటికీ పోదు కాబట్టి మాకు దాంతో పని లేదు. ఇన్వాయిసు ముందే ఎక్కిస్తాం, కోడ్ అక్కడే సరిగ్గా పడుతుంది. వచ్చిన రసీదుని వచ్చినట్టే ఆడిటర్ గారికి పంపేస్తాను. నెలాఖరు టెన్షన్ పోయింది.

పోయినేడాది సంక్రాంతి ముందు జరిగింది మాత్రం వివరంగా చెప్పాలి.

మా పాత కొనుగోలుదారు ఒకరు, బ్రిటన్‌లో ఇంటి అలంకరణ సామాను దుకాణం, క్రిస్మస్ అమ్మకాలకి తీసుకున్న సరుకు తాలూకు మిగిలిన సగం డిసెంబరు చివర్లో కట్టారు. సొమ్ము చేరిందని ఆ సేవలో ఉన్న నా ఖాతాలో కనిపించింది. మర్నాటికి రూపాయలు రావాలి. రాలేదు. "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క ముక్క కనిపించింది. రెండు రోజులు గడిచాక మెయిల్ వచ్చింది. ఇన్వాయిసులో ఉన్న పేరు ఒకటి, డబ్బు పంపిన ఖాతా పేరు ఇంకొకటి. దుకాణం యజమాని ఆ ఏడాది వ్యాపారాన్ని వేరే కంపెనీ కిందకి మార్చుకున్నారట, డబ్బు ఆ కంపెనీ నుంచి వచ్చింది. ఎగుమతి సొమ్ము మూడోవాళ్ళ నుంచి రావడం నిషిద్ధమేమీ కాదు, కాకపోతే ఎవరి తరఫున ఎవరు ఎందుకు కడుతున్నారో కాగితం ఉండాలి. ఆ కాగితం ఇవ్వాల్సిన మనిషి దుకాణం మూసి కొత్త సంవత్సరం సెలవులకి వెళ్ళిపోయారు.

కాగితం అడగడం తప్పు కాదు. ఎవరి ఖాతా నుంచి వచ్చినా కళ్ళు మూసుకుని వదిలేసే సేవ అయితే నేనే వాడను. నన్ను బాధపెట్టింది వేరే. మాట్లాడ్డానికి మనిషి లేడు. చాట్‌లో రాస్తే టికెట్ నంబరు వస్తుంది, మర్నాడు ఇంకొకరు వచ్చి మళ్ళీ మొదట్నుంచీ అడుగుతారు. ఆ దుకాణం పాత ఇన్వాయిసులన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. అదే చిరునామా, అదే మెయిలు. అవి చూడమని రాస్తే "సంబంధిత విభాగానికి పంపాం" అని జవాబు. ఎప్పటికి తేలుతుందో ఒక్క తేదీ చెప్పండి చాలు అన్నాను. చెప్పలేదు. బ్యాంకులో ఆయన కోడ్ తప్పు వేసినా ఎదురుగా ఉండేవారు, "సోమవారం రండమ్మా" అనేవారు, సోమవారం వెళ్తే పని ఎంతో కొంత కదిలేది.

ఇక్కడ భోగి దగ్గర పడుతోంది. లేసు కూలి పండక్కి ముందే లెక్క తేల్చేయడం మేం మొదట్నుంచీ ఇచ్చిన మాట. పిల్లల బట్టలు, పిండివంటలు, ఇంటికొచ్చే అల్లుళ్ళ మర్యాదలు, చాలా ఇళ్ళలో ఇవన్నీ ఆ డబ్బు మీదే. "పండక్కి ముందే ఇచ్చేత్తారు కదండీ?" అని ఒకావిడ ఫోన్ చేసి అడిగితే, సొమ్ము వచ్చింది గానీ చేతికి రాలేదని ఆవిడకి ఎలా చెప్పను? వదినా నేనూ ఆలోచించుకుని సొసైటీలో బంగారం పెట్టాం. కూలి మొత్తం కట్టేశాం, ఒక్కరికి కూడా బాకీ ఉంచలేదు. వడ్డీ పెద్దదేం కాదు. కానీ నా సొమ్ము నా పేరు మీద కనిపిస్తూ ఉండగా గాజులు తీసి ఇవ్వాల్సి రావడం ఇప్పటికీ మింగుడు పడదు.

సెలవుల నుంచి వచ్చాక ఆ యజమాని ఉత్తరం పంపారు, రెండు కంపెనీల సంబంధం చూపించే రిజిస్ట్రేషన్ కాగితం జత చేసి. అది ఎక్కించిన మర్నాడే సొమ్ము పడింది. అప్పటికి పండగ వెళ్ళిపోయింది. రేటు కూడా సొమ్ము చేరిన రోజుది కాదు, వదిలిన రోజుది కట్టారు. అడిగితే నిబంధనల్లో ఉందన్నారు. ఉంది. నాకు ఆ వారం పెద్ద తేడా రాలేదు, పెద్ద మొత్తాలు తెప్పించుకునేవాళ్ళు మాత్రం ఈ సంగతి ముందే చూసుకోవాలి. ఆ రోజే ఎఫ్‌ఐఆర్‌ఏ కూడా వచ్చింది, డబ్బు కట్టిన కంపెనీ పేరూ ఇన్వాయిసు వివరాలూ సరిగ్గా ఉన్నాయి. ఆడిటర్ గారు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. కోపంతో ఖాతా మూసేద్దామనుకున్నదాన్ని అది చూసి ఆగాను.

రసీదుని అంత పొగిడాను కదా, దానికి కొంత చేర్చాలి. అది వచ్చినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. ఈ-బీఆర్‌సీని ఇప్పుడు మనమే డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) పోర్టల్‌లో తీసుకోవచ్చు, కానీ సొమ్ము తెచ్చిన బ్యాంకు ముందుగా ఐఆర్‌ఎం అనే, సొమ్ము వచ్చిందన్న సమాచారాన్ని అక్కడికి పంపాలి. రసీదు వచ్చిన రోజే అది కనిపించదు, ఒక్కోసారి గుర్తు చేయాల్సి వస్తుంది. ఇంకో చిక్కు షిప్పింగ్ బిల్లుది, అంటే సరుకు పంపేటప్పుడు కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రానిది. కస్టమ్స్‌లో నమోదైనది మా ఊరి బ్యాంకుని గుర్తించే ఏడీ కోడ్, సొమ్ము వచ్చేది ఆ సేవ వాడే ఇంకో బ్యాంకు ద్వారా. ఎగుమతి సొమ్ము వచ్చిందా లేదా అని చూసే రిజర్వు బ్యాంకు వ్యవస్థ ఈడీపీఎంఎస్‌లో ఆ బిల్లు మా బ్యాంకు పేరు మీద తెరిచే ఉంటుంది, మూయించడానికి మళ్ళీ ఆ కౌంటర్‌కే వెళ్ళాలి. 10 లక్షల లోపు బిల్లుల్ని ఎగుమతిదారు ఇచ్చే డిక్లరేషన్ మీదే మూసేయొచ్చని 2025 అక్టోబరులో రిజర్వు బ్యాంకు చెప్పాక కొంత తేలికైంది. మర్నాటికే డబ్బు అన్నది కూడా వారం మధ్యలో కట్టినప్పటి మాట. శుక్రవారం సాయంత్రం కడితే సోమ, మంగళవారాల దాకా ఆగాలి.

ఆత్రేయపురంలో మా ఆడపడుచు పూతరేకులు చేయించి అమ్ముతుంది. తనకి ఈ సేవ తీసుకోమని చెప్పలేదు. తన దగ్గర కొనేవాళ్ళు ఎక్కువగా కువైట్‌లో ఉన్న మనవాళ్ళు, నేను వాడేదానిలో కువైట్ ఖాతా లేదు. విదేశీ ఫోన్ నంబరుతో ఎన్‌ఆర్‌ఈ ఖాతా (ప్రవాసులకి ఇక్కడి బ్యాంకుల్లో ఉండే ఖాతా) నుంచి యూపీఐ చేసుకోవడానికి 2023 జనవరిలో ఒప్పుకున్న 10 దేశాల్లో ఖతార్, ఒమన్, సౌదీ, ఎమిరేట్స్ ఉన్నాయి గానీ కువైట్ లేదు. అందుకని వాళ్ళు ఊళ్ళో ఉన్న అమ్మ చేతో అన్న చేతో ఇక్కడే కట్టిస్తారు. తనకి అదే హాయి.

ఆర్డర్లు చిన్నవై, కొనేవాళ్ళు బ్రిటన్‌లోనో యూరప్‌లోనో ఉండి, కాగితాలు పక్కాగా కావాలంటే నేను తీసుకోమనే అంటాను. అమెరికా గురించి గట్టిగా చెప్పలేను. 2025 ఆగస్టులో 50 శాతం సుంకం వేసి, 800 డాలర్ల లోపు పార్సిళ్ళకి ఉన్న మినహాయింపు కూడా తీసేశాక అక్కడి ఆర్డర్లు మాకు బాగా తగ్గాయి, ఆ ఖాతాతో ఈ మధ్య పెద్దగా పని పడలేదు. కూలి డబ్బుకి ఒకే చెల్లింపు మీద ఆధారపడేవాళ్ళు బ్యాంకు దారి కూడా తెరిచి ఉంచుకోండి. మా ఇంట్లో ఇంకో ఆదాయం, కాస్త బంగారం ఉన్నాయి కాబట్టి ఆ పండగ గట్టెక్కాం. అవి లేకపోతే నా అభిప్రాయం ఇలా ఉండేది కాదు.

ఇప్పుడు ఇన్వాయిసు రాసే ముందే ఏ పేరున్న ఖాతా నుంచి కడతారో అడిగి, ఆ పేరు ఇన్వాయిసు మీదే వేస్తున్నాం. పండగ ముందు రావాల్సిన మొత్తాలు డిసెంబరు మొదటి వారానికే అడుగుతున్నాం. ఆ తర్వాత ఏ చెల్లింపూ ఆగలేదు. ఫోన్లో మాట్లాడే మనిషిని ఒకరిని పెట్టమని వాళ్ళకి అప్పుడే రాశాను, ఇంకా పెట్టలేదు.