అక్షరాల వరసా, పదాలా: ఒకటో తరగతికి ఏది మేలు?

గుంటూరులో మా బడికి వచ్చే పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు మిర్చి యార్డులో కూలి చేసేవాళ్లే. ఒకటో తరగతిలో చేర్చిన నెలకల్లా వాళ్లు అడిగే మాట ఒకటే: "టీచర్‌గారూ, మావాడికి అ ఆలు వచ్చేశాయా?" వచ్చేయడం అంటే ఏమిటన్న దగ్గరే నాకు పేచీ.

కిందటేడు ఒక పిల్లాడు అ నుంచి ఱ దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పేవాడు. చార్టులో "డ" మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే మాత్రం "క ఖ గ ఘ" అని మొదటినుంచి పాడుకుంటూ వచ్చి అక్కడ ఆగేవాడు. చార్టు తీసేస్తే అంతే సంగతులు. వాడికి వచ్చింది పాట, అక్షరం కాదు. పైగా వరస పట్టుకుంటే ఏ మాటలోనూ పిల్లలకు కనిపించని ఙ, ఌ లకు కూడా క, ల లకు ఇచ్చినన్ని రోజులు ఇవ్వాలి.

పదాలతో మొదలుపెడితే ప, ల, క, డ, వ, గ, త, న చాలు. వల, వడ, కల, పలక, పడవ, గడప, నడక, తలగడ. ఎక్కడా గుడి లేదు, కొమ్ము లేదు, ఒత్తు లేదు. అక్షరాలను అట్టముక్కల మీద రాసి ఇస్తాను. "పలక"ను తిరగేసి పేరిస్తే "కలప" అవుతుందని ఎవరో ఒకరు కనిపెడతారు. ఆ రోజు క్లాసులో గోల చూడాలి!

ఇందులోనూ లొసుగు ఉంది. బొమ్మ కింద "పడవ" అని ఉంటే "ఓడ" అని గట్టిగా చదివిన పిల్లలున్నారు. వాళ్లు చూసింది బొమ్మను. అందుకే చేత్తో బొమ్మ మూసి చదివిస్తాను. పదం చదవగానే అక్షరాలుగా విడగొట్టించకపోతే ఈ పద్ధతి కూడా బట్టీయే.

అసలు తేడా గుణింతం దగ్గర వస్తుంది. 36 హల్లులు, ఒక్కోదానికి 16 రూపాలు, మొత్తం 576. "కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అంటూ వాటన్నిటినీ వల్లెవేయిస్తే సంక్రాంతి సెలవులు వచ్చేస్తాయి. అలాగని పదాల్లో ఎదురైనప్పుడే చూసుకుందాంలే అంటే సగం గుర్తులు ఎదురే కావు. ఇక్కడ పాత పంతుళ్లదే పైచేయి. గుర్తులు ఒక వరసలో తెలిస్తే, కొత్త హల్లు ఏది వచ్చినా పిల్ల తానే కూడబలుక్కుంటుంది. మొండివి కొన్ని ఉంటాయి, వాటిని నేనే చూపించాలి. "వ"కు కొమ్ము పక్కన పెడితే అది "మ"లా కనిపిస్తుంది, అందుకే "వు"లో కొమ్ము కిందికి దిగుతుంది. ఇది చెప్పకుండా డిక్టేషన్ పెట్టి, తప్పు రాశారని కోప్పడి లాభం లేదు.

ఒత్తుల విషయంలో మళ్లీ పదాలకే నా ఓటు. వరసలో అవి అన్నిటికన్నా చివర. కానీ అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త, తమ్ముడు... పిల్లలు ముందుగా రాయాలనుకునే మాటల్లో ఒత్తు లేనిది ఏది? 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం, మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలని. ఒత్తులను రెండో తరగతికి వాయిదా వేస్తే అందులో ఎంత టైమ్ పోతుందో చూడండి. నేను మొదటి నెలలోనే "అమ్మ" రాయిస్తాను, మ కింద మ ఒత్తు అని చెప్పి వదిలేస్తాను.

రాతకు మొదట పలకే. తప్పు పోతే తుడిచేయొచ్చు, పిల్లలకు టెన్షన్ ఉండదు. ఇంట్లోవాళ్లకు మాత్రం నిండిన నోటుబుక్ కావాలి, కాబట్టి రోజుకు ఒక పేజీ అదీ రాయిస్తాను. అది వాళ్ల కోసమే, ఒప్పుకుంటున్నాను.

మొత్తానికి నా క్లాసులో దసరా దాకా పదాలు, తర్వాత గుణింతం, వర్ణమాల వరస చిట్టచివర. నిఘంటువులో మాట వెతికే వయసు వచ్చేదాకా ఆ వరసతో పిల్లలకు పని లేదు.

మొన్న ఒక నాయనమ్మ బడికి వచ్చింది. బస్టాండులో మనవరాలు బోర్డు చూసి "తెనాలి" అని చదివిందట. సంతోషపడ్డాను. ఆమె ముఖంలో మాత్రం ఆ సంతోషం లేదు.

"చదివితే చదివింది గానీ టీచరమ్మా, అ ఆలు వరసగా చెప్పమంటే ఒక్కటీ చెప్పదేం?"