శిలాతోరణం దగ్గర పది నిమిషాలు చాలవు

విజయవాడ నుంచి తిరుమలకు ప్యాకేజీ బస్సులు నడిపే సంస్థ ఒకటి దర్శనంతో పాటు కొండ మీద జీపులో తిప్పి చూపించడం కూడా కలిపి టికెట్టు అమ్ముతోంది. మా కుటుంబమంతా అందులో వెళ్లి వచ్చాం. ఇదే పద్ధతిలో నడిపేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. ఎవరి దగ్గర టికెట్టు కొన్నా ఇది పనికొస్తుంది.

బస్సుకు వంక పెట్టడానికి లేదు. బెంజ్ సర్కిల్ దగ్గరికి చెప్పిన వేళకే వచ్చింది. ఒంగోలు దాటక ముందే నిద్రపోయిన మా అమ్మ నాయుడుపేట వచ్చేదాకా కదలలేదు. నడుము నొప్పి మనిషి హాయిగా నిద్రపోయిందంటే సీట్ల గురించి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. తిరుపతిలో ఇచ్చిన గది శుభ్రంగా ఉంది, పొంగలి వేడిగా ఉంది, దర్శనం సవ్యంగా జరిగింది. బాధంతా జీపు ఎక్కిన తరువాతే.

నాది రాళ్ల వ్యాపారం. ఆటోనగర్‌లో నాపరాళ్లు, గ్రానైటు అమ్ముతాను. బేతంచెర్ల నుంచి, తాడిపత్రి నుంచి లారీలు వస్తాయి. రోజంతా రాయిని తట్టి చూసి, పొర చూసి, పగులు చూసి ధర కట్టే పని. అందుకే జీపు తిరుగుడుకు డబ్బు కట్టింది ముఖ్యంగా కొండ మీద సహజంగా ఏర్పడిన రాతి తోరణం, శిలాతోరణం కోసమే. శ్రీవారి పాదాలు చూసుకుని అక్కడికి వెళ్లగానే డ్రైవరు, "పది నిమిషాలే స్వామీ, ఫోటో దిగి వచ్చేయండి, చక్రతీర్థం ఇంకా ఉంది" అన్నాడు. అతనిది తప్పు కాదు, అతనికి ఇచ్చిన వేళలు అవి. కానీ సంస్థ పంపిన గైడు ఆ పది నిమిషాల్లో చెప్పిన మాటలు మాత్రం నాకు మింగుడు పడలేదు.

ఆసియాలో ఇలాంటిది ఇదొక్కటే అన్నాడు. చైనాలోని షింజియాంగ్‌లో షిప్టన్ ఆర్చ్ ఉంది, అది వెయ్యి అడుగులకు పైగా ఎత్తు. ప్రపంచం మొత్తం మీద మూడే అన్నాడు. అమెరికాలోని యూటాలో ఒక్క ఆర్చెస్ నేషనల్ పార్కులోనే రెండు వేలకు పైగా సహజ తోరణాలున్నాయి. మన తోరణం గొప్పతనం చెప్పడానికి ఈ మాటల అవసరం ఏముంది? స్వామి రెండో అడుగు ఇక్కడే మోపాడని భక్తుల నమ్మకం. మా అమ్మ ఆ మాట వినగానే చేతులు జోడించింది, నేనూ జోడించాను. నమ్మకం చెప్పేటప్పుడు నమ్మకంగా చెప్పాలి, లెక్క చెప్పేటప్పుడు సరైన లెక్క చెప్పాలి.

కంచె ఇవతల నిలబడి చూస్తే కనిపించేది ఇది. తోరణం వెడల్పు సుమారు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. రాయి అంతా అడ్డంగా పరిచిన పొరలు, కొన్ని జానెడు మందం, కొన్ని రెండు వేళ్ల మందం. ఎడమ స్తంభంలో ఒక పొర గీతను పట్టుకుని చూపును కుడివైపుకు జరపండి, అదే ఎత్తులో అదే గీత మళ్లీ దొరుకుతుంది. రెండు స్తంభాలూ ఒకప్పుడు ఒకే బండ అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఈ రాయి క్వార్ట్జైటు. ఒకనాటి ఇసుక కింద అణగి, సిలికా పట్టి, ఉలి దెబ్బకు నిప్పురవ్వలు లేచేంత గట్టిపడింది. అంత గట్టి రాయికీ నిలువు పగుళ్లుంటాయి. వాటిలోకి వాన నీరు దిగి కింది బలహీనమైన పొరలను ముక్కలు ముక్కలుగా రాల్చింది, గాలి తోడైంది, పైనున్న గట్టి పొర మిగిలింది. 2021 డిసెంబరు మొదట్లో వానలకు ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు పడటం మనందరం టీవీలో చూశాం. నీరు, పగులు, బరువు కలిసి చేసిన పనే అదీ.

గైడు తోరణం వయసు 250 కోట్ల ఏళ్లన్నాడు. దాదాపు అంత పాతది కొండ అడుగున ఉన్న గ్రానైటు. దాని మీద పరుచుకున్న క్వార్ట్జైటు సుమారు 160 కోట్ల ఏళ్ల నాటిది. ఆ రాయిలో ఈ కంత పడింది ఇంకా ఎంతో తరువాత. రాయి వయసు వేరు, తోరణం వయసు వేరు.

ఇక వాళ్లు అసలు చూపించనిది ఘాట్ రోడ్డు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచేదాకా యాత్రికులు మెట్లెక్కి వెళ్లేవారు, లేకపోతే డోలీలో. రోడ్డు కోసం కొండను తొలిచిన చోట్ల గ్రానైటు మీద క్వార్ట్జైటు కూర్చున్న గీత బయటపడి కనిపిస్తుంది. ఆ గీతకు కిందా పైనా ఉన్న రాళ్ల మధ్య 80 కోట్ల సంవత్సరాల ఎడం ఉందని భూవిజ్ఞానుల లెక్క. ఆ కాలానికి రాయి మిగల్లేదు, అరిగి కొట్టుకుపోయింది. జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా)కి చెందిన విలియం కింగ్ 19వ శతాబ్దంలోనే దీన్ని గుర్తించాడు. శిలాతోరణాన్నీ ఈ గీతనూ కూడా జీఎస్ఐ జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా ప్రకటించింది. ఘాట్‌లో బస్సు ఆపమని నేను అడగను, ప్రమాదం. "కిటికీలోంచి కొండ కోత చూడండి, కింద పొరలు లేని రాయి, పైన పొరల రాయి" అని మైకులో ఒక్క మాట చెబితే చాలు. ఆ సమయంలో బస్సులో సినిమా పాటలు పెట్టారు.

మన గుంటూరు వైపు వాళ్లకు ఇంకో సంగతి. తిరుమల కొండలు కడప బేసిన్‌కు, అంటే ఒకప్పుడు పొరలు పొరలుగా రాయి పేరుకున్న పెద్ద పల్లానికి, దక్షిణపు కొసన ఉన్నాయి. అదే బేసిన్ ఉత్తరాన మన పల్నాడు దాకా వస్తుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల రాయి, మా కొట్టులోని బేతంచెర్ల పలక, శిలాతోరణం వేర్వేరు కాలాల పొరలే గానీ ఒకే బేసిన్‌లో పేరుకున్నవి.

బస్సుకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. జీపు తిరుగుడుకు ఒకటిన్నర. డబ్బు కట్టేముందే శిలాతోరణం దగ్గర కనీసం ముప్పావు గంట ఇస్తారా అని అడగండి. ఎండ ముదరక ముందు వెళ్తే పొరల నీడలు స్పష్టంగా కనిపిస్తాయి. సంక్రాంతి వెళ్లాక మా కొట్టులో రాయి కోసే కుర్రాళ్లను తీసుకువెళ్తున్నాను. బస్సు వీళ్లదే. కొండ మీద జీపు మాత్రం విడిగా మాట్లాడుకుంటాం.