కోకీ కప్ప సౌండ్ ఉన్న నిద్ర మెషీన్: ఆరు వారాలు వాడాక

మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, రాత్రిళ్ళు నిద్ర ఉండదు, శ్రీకాకుళంలో మా ఇల్లు మెయిన్ రోడ్డు పక్కనే కాబట్టి పట్టిన కాస్త కునుకూ లారీ హారన్లకి పోతుంది. అందుకే విజయనగరం వెళ్ళినప్పుడు గంటస్తంభం దగ్గర ఒక షాపులో ఈ సౌండ్ మెషీన్ కొన్నాను, 1,450 అయింది. వాన, సముద్రం, ఫ్యాన్ మోత ఇలాంటివి ఉన్నాయి, మామూలే, ఆ వానైతే మూకుట్లో నూనె వేగుతున్నట్టుంది. నేను చెప్పాల్సింది ఏడో సౌండ్ గురించి.

అది కోకీ అనే బుల్లి కప్పది. కరేబియన్ సముద్రంలో ప్యూర్టోరికో దీవి దాని సొంతూరు. "కో" అని కింద మొదలై "కీ" అని పైకి లేస్తుంది, అంతే, రాత్రంతా అదే. అరిచేది మగ కప్పే, కో అంటే ఇది నా చోటు రావద్దని మిగతా మగ కప్పలకి, కీ అంటే ఆడ కప్పకి పిలుపు. దగ్గర్నుంచి వింటే 90 డెసిబెల్స్ దాకా ఉంటుందంటే అమ్మ "ఏటీ, అంత కప్పకి అంత గొంతా" అంది. 1980ల చివర్లో మొక్కలతో పాటు హవాయికి చేరిపోయిందంట, అక్కడ జనానికి దీని అరుపుతో నిద్ర పట్టదు, ప్యూర్టోరికో వాళ్ళకేమో ఇది లేకపోతే పట్టదు.

ఇంకోటి, దీనికి తోకకప్ప దశే లేదండీ, గుడ్డులోంచి నేరుగా గోరంత కూడా లేని కప్పపిల్ల వచ్చేస్తుంది, అప్పటిదాకా తండ్రి కప్పే గుడ్లు ఆరిపోకుండా కాపలా కాస్తుంది. ఇది చెప్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు, తర్వాత "నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మీ నాన్న కూడా అలాగే కూచున్నాడ్రా, తడిగుడ్డ ఆరనిచ్చేవాడు కాదు" అంది. అప్పట్నుంచి రోజూ ఏడో నంబరే.

లోపాలు ఉన్నాయి. సౌండ్ అయిపోయి మళ్ళీ మొదలయ్యే చోట టిక్ మంటుంది, నిద్ర పట్టబోయేవాళ్ళకి అది చాలు. నీలం లైటు ఆరదు, ప్లాస్టర్ అంటించాను. కరెంటు పోతే బ్యాటరీ నాలుగు గంటలు వచ్చింది, పర్లేదు.

అమ్మ ఇప్పుడు తెల్లారి నాలుగింటి దాకా పడుకుంటోంది, నాకు అదే కావాలి. మొన్న వాన పడ్డ రాత్రి మాత్రం వెనక ఖాళీ సైటులో మన కప్పలు అందుకున్నాయి, అమ్మే మెషీన్ కట్టేయమంది. కొనేవాళ్ళు షాపులోనే ఏడో నంబరు పెట్టించుకుని రెండు నిమిషాలు వినండి, టిక్ లేని పీసుంటే అదే తెచ్చుకోండి.