సాయంత్రం టీకి ఎర్ర రూయిబోస్, పచ్చ రూయిబోస్, డికాఫ్: ఏది మేలు?

"ఆరు దాటాక టీ తాగితే అర్ధరాత్రి దాకా నిద్ర పట్టట్లేదు, అలాగని మానలేం, ఏం తాగమంటారు?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చామంతి టీ, పుదీనా టీ అంటే మొహం చిట్లిస్తారు. వాళ్లకి కావాల్సింది పాలు పోసి కాచిన టీ. అందుకే నా దృష్టిలో అసలు పరీక్ష ఒక్కటే: పాలు పోశాక కూడా రుచి నిలుస్తుందా?

ఎరుపైనా, పచ్చైనా రూయిబోస్ ఒకే మొక్క. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌కి ఉత్తరాన, సెడర్‌బర్గ్ కొండల చుట్టుపక్కల పెరిగే పొద. చిక్కుడు, కందుల కుటుంబమే. సూదుల్లాంటి ఆకుల్ని సన్నకొమ్మలతో సహా కోసి, నలగ్గొట్టి, తడిపి కుప్పపోస్తే గాలి తగిలి ఎర్రబడుతుంది, తియ్యటి వాసన పుడుతుంది. తర్వాత ఎండబెడతారు. అలా ఎర్రబడనివ్వకుండా ఆరబెట్టేసిందే పచ్చ రూయిబోస్. నిద్ర చెడగొట్టే కెఫీన్ ఈ మొక్కలోనే లేదు. డికాఫ్ అంటే కెఫీన్ తీసేసిన మామూలు తేయాకే కాబట్టి ఎంత తీసేసినా కప్పుకి కొన్ని మిల్లీగ్రాములు మిగులుతుంది.

పాల పరీక్షలో ఎర్ర రూయిబోస్‌దే గెలుపు. అక్కడివాళ్లే పాలూ చక్కెరా కలుపుకుని తాగుతారు. టీ బ్యాగ్‌ని వేడినీళ్లలో ఒక్క నిమిషం ముంచి "చప్పగా ఉందండీ" అంటే లాభం లేదు. రెండు కప్పుల నీళ్లకి మూడు చెంచాల పొడి వేసి, సన్నమంట మీద ఏడెనిమిది నిమిషాలు మరగనివ్వండి. మామూలు టీపొడిని అంతసేపు మరిగిస్తే చేదెక్కి నోరు పీకుతుంది. దీంట్లో వగరు, చేదు తెచ్చే టానిన్లు తక్కువ గనుక రంగు చిక్కబడుతుందే తప్ప చేదెక్కదు. అల్లం వేసేవాళ్లు నీళ్లతోపాటే మరిగించాలి, పాలల్లో పచ్చిగా వేస్తే విరిగే ప్రమాదం ఉంది. పాలు పోయగానే కాస్త నారింజ ఛాయ తిరిగిన గోధుమరంగు వస్తుంది. తేనె, తడిసిన కలప కలిసిన వాసన. చక్కెర సగం వేసినా సరిపోతుంది.

లోటు లేదనను. నాలుకని పట్టుకునే ఆ వగరు ఇందులో దొరకదు. అది లేకపోతే టీయే కాదనుకునేవాళ్లు, కొద్దిపాటి కెఫీన్‌కి నిద్ర చెడనివాళ్లు డికాఫ్ తీసుకోవడమే నయం. రుచిలో మామూలు టీకి దగ్గరగా ఉండేది అదే.

పచ్చ రూయిబోస్‌లో ఆస్పలాథిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ ఎక్కువ, ధరా ఎక్కువే. పాలు పోస్తే మాత్రం తాగలేం. గ్రీన్ టీ అలవాటున్నవాళ్లకి సరే. హనీబుష్ అని ఇంకోటుంది, అదీ దక్షిణాఫ్రికాదే, మరింత తియ్యన, అంతే.

షుగర్ తగ్గుతుంది, బరువు తగ్గుతుంది అని చెప్పి అమ్మేవాళ్ల మాట నమ్మి కొనకండి. మనుషుల మీద అంత గట్టి రుజువుల్లేవు. నిద్ర చెడకుండా టీ తాగడానికైతే కొనండి. వెనిలా ఎసెన్సు కలిపిన రకాలు వద్దు, పాలు కాగితే ఆ వాసనే పైకొస్తుంది. మన టీపొడి కంటే ఖరీదు కాబట్టి ముందు చిన్న ప్యాకెట్ చాలు. దాని ధరలో కొంత అసలువాళ్లకీ చేరుతోంది: ఈ మొక్క గుణం ముందుగా తెలిసిన అక్కడి ఆదివాసులు ఖోయ్, శాన్ తెగలకి, 2019 ఒప్పందం ప్రకారం, కంపెనీలు రైతు దగ్గర కొనే ధరమీద 1.5 శాతం ఇవ్వాలి.