పోత ఇనుప మూకుడు: దిబ్బ రొట్టెకి వందకి వంద, పులుసుకి సున్నా

రోజువారీ కూరల కోసమైతే ఈ మూకుడు కొనకండి. బెండకాయ వేపుడికి ఇంత బరువు మోయాల్సిన పని లేదు, ఇంట్లో ఉన్న బాండీ చాలు. దిబ్బ రొట్టె, సర్వపిండి, ఉప్పుడు పిండి లాంటివి వారానికోసారైనా తినాలనిపించే ఇల్లయితే మాత్రం ఆలోచించకుండా తెచ్చుకోండి. ఇవన్నీ అడుగున ఎర్రగా కాలే ఆ పెంకు కోసం తినే వంటలు. నాన్‌స్టిక్‌లో ఆ పెంకు రాదు. వచ్చినా పాలిపోయినట్టుగా, మెత్తగా వస్తుంది. నాన్‌స్టిక్‌ని ఎక్కువ వేడి మీద గంటసేపు ఉంచడానికి నాకు మనసొప్పదు కూడా. ఆ టెఫ్లాన్ పూత 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది, ఖాళీ పెనం పెద్ద మంట మీద ఆ వేడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

నేను కొన్నది బేగంబజార్‌లో, కంపెనీ పేరు లేని సరుకు. పదంగుళాల వెడల్పు, స్టౌ మీద కదలకుండా నిలబడేంత చదునైన అడుగు, రెండు చెవులు, బరువు మూడు కిలోలకి కాస్త తక్కువ. పన్నెండు వందలు చెప్పి వెయ్యికి ఇచ్చాడు. ముందే నూనె పట్టించి, కొన్న రోజే వాడుకునేలా ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాయి. నేను చూసినవి దీనికి దాదాపు రెట్టింపు ధర. ఆ సందుల్లో బండి ఎక్కడ పెట్టాలన్న టెన్షన్ పడలేనివాళ్లకి అదే నయం.

ఇలాంటి పచ్చి సరుకుని వాడకంలోకి తేవడానికి ఓపిక కావాలి. కొత్తలో కడిగిన కొద్దీ నీళ్లు నల్లగా వస్తూనే ఉంటాయి. నేను రాత్రంతా గంజి పోసి ఉంచి, పొద్దున కొబ్బరి పీచుతో తోమి, స్టౌ మీద పూర్తిగా ఆరనిచ్చి, గుడ్డతో పల్చగా నూనె రాసి పొగ వచ్చేదాకా కాల్చాను. చల్లారాక మళ్లీ అదే పని. ఇక్కడ నూనె ఎక్కువ రాయడం పనికిరాదు. రాసినదంతా తుడిచేశామా అన్నట్టు ఉండాలి, లేకపోతే జిగటగా మిగిలిపోతుంది. ఆ పల్చటి నూనే కాలి గట్టిపడి పొరగా అంటుకుంటుంది, ఇక అదే దీనికి పూత. తర్వాత పనికిరాని ఉల్లిపాయ ముక్కలు వేయించి పారేశాను. ఇల్లంతా పొగ. కిటికీలు తెరిచి పెట్టుకోండి, పక్క ఫ్లాట్ వాళ్లకి ముందే ఒక మాట చెప్పండి.

ఇక అసలు సంగతి, దిబ్బ రొట్టె. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల బియ్యపు రవ్వ. పప్పు నాలుగు గంటలు నానాక, నీళ్లు చిలకరిస్తూ గారెల పిండి కంటే ఒక్క పిసరు పల్చగా రుబ్బాలి. రవ్వని కడిగి, నానబెట్టి, నీళ్లు గట్టిగా పిండేసి అందులో కలపాలి. ఉప్పు, జీలకర్ర, అంతే. మూకుడుని సన్న మంట మీద ఐదారు నిమిషాలు ఉత్తినే కాగనివ్వాలి. వేడిని నలువైపులకీ పాకించడంలో పోత ఇనుము అల్యూమినియంలో నాలుగో వంతు కూడా ఉండదు. తొందరపడి మంట పెంచితే మధ్యలో మాడుతుంది, చుట్టూ పచ్చిగా ఉంటుంది. ఒకసారి కాగిందా, చల్లటి పిండి పోసినా ఆ వేడి దిగదు. రొట్టెకి కావాల్సింది సరిగ్గా అదే.

నూనె దండిగా పోసి, రెండంగుళాల మందాన పిండి వేసి మూత పెడతాను. మొదటి పది నిమిషాలూ పెద్దగా వాసన రాదు. తర్వాత జీలకర్ర వాసన, ఆ వెనకే మినప్పప్పు కాలుతున్న కమ్మటి వాసన. అప్పుడు అంచు వెంట అట్లకాడ పెట్టి చూస్తే రొట్టె తనంతట తానే మూకుడుని వదిలి ఉంటుంది. వదల్లేదంటే ఇంకా కాలలేదని, లాగకూడదు. పూర్వం కుంపటి మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు వేసేవాళ్లు, రెండు వైపులా ఒకేసారి కాలేది. గ్యాస్ మీద ఆ వీలు లేదు కనుక తిరగేయక తప్పదు. ఇంత బరువుని పళ్లెంలోకి బోర్లించడం నా వల్ల కాదు, రెండు అట్లకాడలతో రొట్టెనే లేపి తిప్పుతున్నాను. ముక్క విరిస్తే పెంకు పటుక్కుమంటుంది, లోపల తెల్లగా ఇడ్లీలా పొగలు కక్కుతుంది. మా నాన్నగారు సగం ఆవకాయతో, సగం బెల్లం పాకంతో తినేవారు. నేను పూర్తిగా ఆవకాయ పార్టీ.

మాది అమలాపురం, మా ఆవిడది హనుమకొండ. కాబట్టి ఈ మూకుడు సర్వపిండి పరీక్ష కూడా రాయాల్సి వచ్చింది. అత్తయ్య దీన్ని చూడగానే, "మంచిగనే ఉన్నది గానీ బిడ్డా, దీన్ని ఎవలు లేపుతరు?" అని కూతుర్ని అడిగారు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లికాడలు, కరివేపాకు కలిపి, నూనె రాసిన మూకుడు లోపల చేత్తో ఒత్తుతూ పక్కలదాకా పాకించి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో రెండేసి చుక్కల నూనె పోశారు. మూత పెట్టి సన్న మంట. మొదటిది అద్భుతంగా వచ్చింది. గోడల మీద కాలిన భాగం అప్పడమంత కరకరలాడింది.

గొడవంతా రెండోదానితోనే. సర్వపిండిని చల్లటి గిన్నెలో ఒత్తాలి, వేడి గిన్నెలో చెయ్యి పెట్టలేం కదా. పల్చటి సర్వ గిన్నె అయితే వెనక నీళ్లు పోసి చల్లార్చేస్తారు. పోత ఇనుము మీద అలా చల్లనీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. చెంబు పట్టుకుని సింక్ దగ్గరికి బయల్దేరిన అత్తయ్యని మా ఆవిడ పరుగున వెళ్లి ఆపింది. మూకుడు చల్లారేసరికి అందరికీ ఆకలి మించిపోయింది, మిగిలిన పిండి మామూలు గిన్నెలో వేసుకున్నాం. నలుగురికి సర్వపిండి చేయాలంటే ఈ ఒక్క మూకుడుతో కుదరదు.

ఉప్పుడు పిండికి వంక పెట్టడానికేం లేదు. పోపు, ఇంగువ, పెసరపప్పు, మరిగిన నీళ్లలో రవ్వ. ఉడికాక ఇంకో పావుగంట సన్న మంట మీద వదిలేస్తే అడుగున బంగారం రంగు చెక్క కడుతుంది. ఆ చెక్క కోసం మా ఇంట్లో వాటాలు ఉన్నాయి.

పనికిరాని చోటు పులుపు. చింతపండు, టమాటా, నిమ్మరసం ఏది పడినా మీరు కష్టపడి పట్టించిన నూనె పొర కరుగుతుంది, కూర నల్లబడి ఇనుప రుచి దిగుతుంది. ఇనుప పాత్రలో వండితే కొంత ఇనుము వంటలోకి దిగే మాట నిజమే. అలాగని దీన్ని మందుగా అమ్మే వీడియోలు చూసి కొనకండి, రక్తహీనత ఉన్నవాళ్లు డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. తడి తగిలితే తుప్పు పడుతుంది. కడిగిన వెంటనే స్టౌ మీద ఆరబెట్టి, చుక్క నూనె రాసి పెట్టాలి. ఈ మాట పనమ్మాయికి చెప్పి ఒప్పించడం కంటే మనమే కడుక్కోవడం సులువు. చెవులు మంట మీదున్నంతసేపూ కాలుతుంటాయి, మసిగుడ్డ మడతలు పెట్టి పట్టుకోవాలి. మణికట్టు నొప్పులున్నవాళ్లు ఎనిమిదంగుళాలది చూసుకోండి. రొట్టె చిన్నదవుతుంది గానీ అంతే బాగా కాలుతుంది.

నా మార్కులు ఐదుకి నాలుగు. తగ్గించిన ఒకటి బరువుకి, మూత లేకుండా అమ్మినందుకు.

కొట్లో కొనేవాళ్లు దాన్ని ఒక చెవి పట్టి వేలాడదీసి, వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగున మోగాలి. మొద్దుగా శబ్దం వస్తే లోపల పగులు ఉండొచ్చు, ఇంకోటి తీయమనండి. లోపలి వైపు చెయ్యి తిప్పితే ఇసుక కాగితంలా గీరుకునేది వద్దు, దానిమీద నూనె పొర సమంగా పట్టడానికి చాలా కాలం పడుతుంది. మీ స్టౌ ఇండక్షన్ అయితే అడుగు పూర్తిగా చదునుగా ఉన్నదే అడగండి. మూతకి కొలత తీసుకెళ్లండి. నాకు పాత ఇడ్లీ కుక్కర్ మూత సరిపోయింది.